గడ్డకు పేరు పెట్టేదాకా

మా మనవరాలు పుట్టినప్పుడు దాని తలకాయ పక్కన ఇంకో తలకాయ ఉంది. ఇది నా మాట. డాక్టరమ్మ మాట ప్రకారం అది నిమ్మకాయంత గడ్డ. మా అమ్మ మాట ప్రకారం అక్కడ ఏమీ లేదు, బిడ్డ బంగారం. ఒకే వస్తువును చూసి ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం కాబట్టి ఎవరిని నమ్మాలో మీరే తేల్చుకోండి. నేను మైకుసెట్టు నడిపేవాణ్ణి. చిన్న గొంతును పది ఊళ్ళకు వినిపించడమే నా బతుకుతెరువు. నోరు కూడా ఆ అలవాటులోనే పడిపోయింది.

గడ్డ కుడిచెవికి పైన ఉంది. నేరేడుపండు రంగు. వేలు ఆనిస్తే వెచ్చగా తగిలేది, లోపల సన్నగా కొట్టుకునేది. కళ్యాణదుర్గంలో కాన్పు చేసిన డాక్టరు దాన్ని చూసి, మా వైపు చూడకుండా, అంబులెన్సు పిలిపించాడు. సాయంత్రానికల్లా అనంతపురంలో పిల్లల ఆసుపత్రిలో ఉన్నాం. మాతోపాటు బంధువులు కూడా దిగారు. ఎంతమందంటే, మేము ఖాళీ చేసి వచ్చిన ఊళ్ళో ఆ పూట కుక్కలకు మొరగడానికి మనిషి దొరికి ఉండడు.

వచ్చినవాళ్ళందరూ వైద్యులే. ఒకామె గ్రహణం నాడు మా అమ్మాయి కత్తిపీట పట్టుకుందని తేల్చింది. ఇంకొకాయన కళ్యాణదుర్గం షేరు ఆటోదే తప్పన్నాడు. స్పీడు బ్రేకరు దగ్గర అది ఎగిరిన ఎగురుకు తల్లి కడుపులో బిడ్డ పైకప్పుకు గుద్దుకుందట. మా పెద్దమ్మ కోడలైతే అందరికంటే ముందుకు పోయింది. అమ్మాయి కవల అరటిపండు తిన్నదని, కవలలు పుట్టాల్సింది రెండోది సగంలో ఆగిపోయిందని చెప్పింది. నాకు ఆ సిద్ధాంతమే నచ్చింది. దానిలో కనీసం అరటిపండన్నా ఉంది.

మా అమ్మాయి మంచం మీద పడుకుని ఇవన్నీ వింటూ ఉంది. మొదటి కాన్పు, కుట్లు పచ్చిగా ఉన్నాయి. నన్ను పిలిచి, వచ్చినోళ్ళను బయటికి పంపించమని అడిగింది. పంపించాను. వాళ్ళు వరండాలోకి పోయి అక్కడ కొత్త జబ్బులు కనిపెట్టడం మొదలుపెట్టారు.

పిల్లల డాక్టరమ్మది కదిరి వైపు ఊరు. సన్నగా, గాలికి కొట్టుకుపోతుందేమో అన్నట్టుంటుంది. మాట మాత్రం గుండ్రాయి. బిడ్డ మాడు మీద, ఎముక ఇంకా కలవని మెత్తటి చోట, చల్లటి జిగురు రాసి స్కాను చేసింది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. బయట కనపడేది నిమ్మకాయంతే, దాని మొదలు పుర్రె లోపల ఉంది, మెదడును ఒక పక్కకు నెడుతోంది. అది మూడింటిలో ఒకటి కావచ్చట. కాన్పులో నలిగి గడ్డకట్టిన రక్తం కావచ్చు. పుట్టుకతోనే రక్తనాళాలన్నీ చిక్కుపడి కట్టిన గడ్డ కావచ్చు, అది అరుదు గానీ ప్రాణం తీసేది కాదు. మూడోది క్యాన్సరు. పసిబిడ్డలో ఈ మూడూ ఒకే వేషం కట్టుకుని వస్తాయట.

"తీసేస్తే పోదా, మేడం?" అని నేనడిగాను.

"ఈ బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే ఒక పెద్ద గ్లాసు అయితాది" అంది. "ఆ గడ్డ నిండా రక్తమే. తెలీకుండా కత్తి పెడితే గ్లాసు ఒలికిపోతాది. చెడ్డదైతే, పెట్టకుండా ఊరుకుంటే మెదడును తినేస్తాది. అదేందో తెలిసేదాకా నేను ఏం చేసినా తప్పే. ముందు దానికి పేరు పెట్టల్ల."

మా ఇంట్లో బిడ్డకే ఇంకా పేరు పెట్టలేదు. గడ్డకు ముందు పెట్టాల్సి వచ్చింది.

పేరు పెట్టాలంటే పెద్ద స్కాను తీయాలి, అయస్కాంతంతో తీసేది. రెండు వీధుల అవతల ఒక స్కానింగు సెంటరులో ఆ మిషను ఉంది. పెద్దవాళ్ళయితే కదలకుండా పడుకుంటారు. పసిబిడ్డకు మత్తు ఇవ్వడం ప్రమాదం కాబట్టి డాక్టర్లు ఇంకో ఉపాయం చేస్తారు. కాసేపు ఆకలితో ఉంచి, మిషను సిద్ధం కాగానే కడుపు నిండా పాలు పట్టించి, చెవుల్లో దూది పెట్టి, మెత్తటి గుడ్డలో బిగించి చుట్టేస్తారు. బిడ్డ సోలిపోతుంది, ఆ నిద్రలో పని కానిస్తారు. ఇంత చదివి, ఇంత పెద్ద మిషను కొని, చివరికి మా అవ్వలు చేసే పనే చేస్తున్నారని మా అమ్మ సంతోషపడింది. ఆసుపత్రి మీద ఆమెకు కలిగిన మొదటి మంచి అభిప్రాయం అదే, ఆఖరిది కూడా అదే.

ఎందుకంటే ఆమెకూ నర్సుకూ అప్పటికే యుద్ధం నడుస్తోంది. దిష్టిచుక్క గురించి. మా అమ్మ చుక్క అంటే చుక్క కాదు, రూపాయి బిళ్ళంత. నుదుట ఒకటి, బుగ్గన ఒకటి, అరికాలిలో ఒకటి. నర్సు స్పిరిటు దూదితో తుడిచేది. నర్సు వెనక్కి తిరిగేలోపు చుక్క మళ్ళీ మొలిచేది. ఆ రెండు సైన్యాల మధ్య మా మనవరాలి మొహం సరిహద్దు గ్రామంలా నలిగిపోయింది. స్కానుకు ముందు మొలతాడు, గాజులు, వెండి కడియాలు, తాయెత్తు అన్నీ విప్పించారు. మొహం మీదివీ, అరికాలిలోదీ చుక్కలన్నీ తుడిపించారు. మా అమ్మ ఒక్క మాట కూడా అనకుండా అన్నీ మూట కట్టుకుంది. ఆమె మాట్లాడకుండా ఉండడం నేను పుట్టాక అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

స్కాను అయింది. మరుసటి రోజు పొద్దున రిపోర్టు వచ్చింది. గడ్డలో రక్తం కారినట్టుంది, పక్కన ఎముక తినేసినట్టుంది, చెడ్డ గడ్డేమోనని అనుమానం, ఆపరేషను చేసే పెద్దవాళ్ళకు చూపించండి అని రాశారు.

ఆ మాటలు మా వియ్యంకుడి చెవిన పడ్డాయి. ఆయన గొర్రెల వ్యాపారి. ఆయన సంతలో నడిచివస్తుంటే గొర్రెలే పక్కకు తప్పుకుని దారి ఇస్తాయని నేను అందరికీ చెబుతుంటాను. మీసం ఒక కొన కదిరిలో మొదలైతే రెండో కొన పుట్టపర్తిలో ముగుస్తుంది. నేరుగా మా మంచం దగ్గరకు వచ్చి, వ్యాను తెప్పించినానని, బిడ్డను ఊరికి తీసుకుపోదామని అన్నాడు. వాళ్ళ పక్క ఊళ్ళో పసుపుకొమ్ము కాల్చి వాతలు పెట్టేవాడు ఉన్నాడట. గడ్డ చుట్టూ నాలుగు వాతలు పెడితే అణిగిపోతుందట. కొడుకు, అంటే మా అల్లుడు, తండ్రి వెనకాల గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

నేను వాదనకు దిగాను. నా గొంతు గురించి ముందే చెప్పాను. కింది అంతస్తులో మందులు అమ్మేవాళ్ళు కూడా మా ఇంటి సంగతులు తెలుసుకున్నారు. ఆయన నా గొంతుకు జంకలేదు. నెమ్మదిగా చెప్పాడు.

"నా పెద్దబిడ్డను పట్నం ఆసుపత్రిలో పెట్టినా బావా. ఒళ్ళంతా సూదులే. పేరు తెలీని జబ్బన్నారు. కోసినారు. గుడ్డలో చుట్టిచ్చినారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోతాండాది అని పక్కనోళ్ళకు చెప్పుకుంటా వచ్చినా. మల్లా అట్ల రాలేను."

అంత పెద్ద మీసం వెనక అంత మాట ఉందని నాకు తెలియదు. నా మైకు ఆగిపోయింది. మాట్లాడింది మా అమ్మాయే. మంచం పట్టీ పట్టుకుని లేచి నిలబడింది.

"నీ బిడ్డ జబ్బుకు పేరు తెలీక పోయింది మామా. దీనికి పేరు తెలిసేదాకా నేను యాడికీ రాను. వాత పెట్టల్లంటే ముందు నాకు పెట్టు."

వియ్యంకుడు బయటికి పోయాడు. వ్యాను మాత్రం గేటు దగ్గరే ఇంజను ఆపకుండా నిలబడింది.

అదే సమయంలో డాక్టరమ్మ రిపోర్టు పక్కన పడేసి బొమ్మలు తనే తెరిచి చూసుకుంటోంది. మమ్మల్ని పిలిపించింది. తెర మీద బిడ్డ తల బూడిద రంగులో ఉంది. గడ్డ పక్కన ఒక నల్లటి గుంత, ఎలుక కొరికినట్టు. రక్తం అన్నదీ, ఎముక పోయిందన్నదీ దాన్ని చూసే. డాక్టరమ్మ పెన్ను కొనతో ఆ నలుపు అంచు చూపించింది. అది ఎముక దాటింది, చర్మం దాటింది, తల బయట ఏమీ లేని చోటికి కూడా పాకింది.

"రక్తం నెత్తిలోపల కారతాది. నెత్తి దాటి గాల్లో కారతాదా?" అని అడిగింది. "ఆడేమో ఇనుము ఉండాది. బిడ్డకు ఏం పెట్టినారు?"

ఏమీ పెట్టలేదని నేను ఒట్టు వేశాను. నర్సు కూడా ఒట్టు వేసింది. నాకు వరసగా దేవుళ్ళు గుర్తుకొస్తున్నారు, ఇంకో నలుగురి మీద వేద్దామనుకుంటుండగా మా అమ్మాయి తిరిగి మా అమ్మ మొహంలోకి చూసింది.

"జేజీ."

మా అమ్మ కొంగు సవరించుకుంది.

"పెట్టినా" అంది. "గడ్డ మీదనే పెట్టినా, ఎంటికల కింద. అంత పెద్ద కన్ను మాదిరి గుండ్రంగా ఉండాది ఆ మిషను. దాని నోట్లోకి ఉత్త నెత్తితో పంపుతారా బిడ్డను? మల్లా పంపిస్తే మల్లా పెడ్తా."

పాలు పట్టించే గదిలో, అందరూ గుడ్డ చుట్టే పనిలో ఉండగా ఆమె ఆ పని కానిచ్చింది. అయితే చుక్కకూ ఇనుముకూ ఏమిటి సంబంధమని నర్సు అడిగింది. అది మా ఇంటివాళ్ళకే తెలియాలి. అంగడిలో దొరికే కాటుకను మా అమ్మ చుక్కగా ఒప్పుకోదు. జొన్నరొట్టెలు కాల్చే ఇనప పెనం బోర్లించి, అడుగున పొరలు కట్టిన మసిని కొడవలి మొనతో ఇనప పొట్టు రాలేలా గీకి, ఆముదంలో నూరి డబ్బీలో పెట్టుకుంటుంది. ఆ పెనం మా ముత్తాత పెళ్ళికి కొన్నది. దాని మందం ఇప్పటికి సగం తగ్గిందంటే మా వంశంలో ఎంతమంది మొహాల మీదికి ఎక్కిందో లెక్క వేసుకోండి.

ఆమె బొడ్లోనుంచి డబ్బీ తీయించాము. నా చొక్కా జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉంటుంది, కొనకు అయస్కాంతం ఉన్నది, స్పీకర్లు విప్పేటప్పుడు చీలలు జారిపోకుండా. దాని కొన ఆ మసి దగ్గర పెట్టాను. చదునుగా ఉన్న మసి ముళ్ళపందిలా లేచి నిలబడింది. కొంత ఎగిరి స్క్రూడ్రైవరుకు అతుక్కుంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఫోను తీసి స్కానింగు సెంటరుకు చేసింది.

స్కానింగు సెంటరు పెద్దమనిషి ఒప్పుకోలేదు. రిపోర్టు ఇచ్చేశాం, మిషను ఖాళీ లేదు, రెండు రోజులాగి రండి అన్నాడు. ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతుందో గేటు దగ్గర వ్యాను మాకు గుర్తుచేస్తూనే ఉంది. డాక్టరమ్మ ఫోనులో మాట పెంచలేదు. దిష్టిచుక్కను చూసి క్యాన్సరు అని రాసినారని, ఆ మాట తాను రాతలో పెట్టాలా వద్దా చెప్పమని మాత్రం అడిగింది. మా అమ్మాయి ఆ జవాబు కోసం కూడా ఆగలేదు. డాక్టరమ్మ నర్సును తోడిచ్చింది. అమ్మాయి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఆ సెంటరుకు పోయి, వాకిలికి అడ్డంగా కూర్చుంది. లోపలికి పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఆమెను దాటుకుని పోవాల్సిందే. పచ్చి బాలింతను దాటే ధైర్యం ఎవరికుంది? సెంటరు ఆ వాకిట్లోనే ఆగిపోయింది. ఖాళీ లేని మిషను ఖాళీ అయింది.

ఇప్పుడు మిగిలింది మాతోపాటు వెనక ఆటోలో వచ్చిన మా అమ్మ. చుక్క లేకుండా పంపనని వాకిట్లోనే రెండో అడ్డంగా నిలబడింది. మిషను నడిపే ఆయన వచ్చి, బిడ్డ మంచికేనవ్వా అని బతిమాలాడు. నీ మిషను మంచికా, నా బిడ్డ మంచికా అని ఆమె అడిగింది. నేను నచ్చజెప్పబోతే, నీ నెత్తి మీద చుక్క లేకుంటే నువ్వీపాటికి ఉండేవాడివా అని నన్ను నోరు మూయించింది. 

"జేజీ, నీ చుక్క నాకు పెట్టు" అంది మా అమ్మాయి. "ఎంత పెద్దది కావల్లంటే అంత పెట్టు. బిడ్డకు తగిలేదంతా నాకు తగలనీ. నేను ఈడ కూర్చుంటా, అది లోపలికి పోతాది."

 మా అమ్మకు అది న్యాయంగానే తోచినట్టుంది. గడ్డ మీది మసిని మిషను ఆయన చెప్పినట్టు ఒక్క రవ్వ కూడా మిగలకుండా తనే తుడిచింది. తర్వాత డబ్బీ తీసి మా అమ్మాయి నుదుట పెట్టింది. ఇంకా బలం చాలదనుకుందో ఏమో, నాకూ పెట్టింది. అల్లుడికి పెట్టింది. అప్పుడే ఆ సెంటరు ముందు వ్యాను దిగి వచ్చిన వియ్యంకుడి ముందుకు పోయి వేలు చూపించి నిలబడింది. ఆయన ఆమెను చూశాడు, వాకిట్లో కూర్చున్న కోడల్ని చూశాడు. నడుము వంచి బుగ్గ ముందుకు పెట్టాడు. ఆ బుగ్గ మీద చుక్కకు చోటు వెతకడానికి మా అమ్మ మీసాన్ని పక్కకు జరపాల్సి వచ్చింది.

బిడ్డ పాలు తాగింది, సోలింది, చుట్టలో లోపలికి పోయింది. మేము నలుగురం నల్లటి చుక్కలతో వరండాలో కూర్చున్నాం. వీధి నాటకానికి వచ్చి వేషం సగంలో ఆపేసినవాళ్ళలాగా ఉన్నాం. లోపల మిషను మొదలైంది. ఆ చప్పుడు నా మైకుసెట్టుకే సిగ్గు తెప్పించే చప్పుడు. బోరుబండి రాయిని తొలుస్తున్నట్టు డబడబమని ఒకసారి, గరగరమని ఒకసారి. మా సీమలో ఆ చప్పుడు వింటూ, నీళ్ళు పడతాయో లేదోనని చేతులు నలుపుకుని నిలబడని మనిషి ఉండడు. వియ్యంకుడు చెవి రిక్కించి విని, నా వైపు వంగాడు.

"ఎన్నడుగులు పోయింటాదప్పా?"

"రాయి తగిలినట్టుండాది బావా" అన్నాను.

"తగలనీ. ఆపొద్దను."

ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. వ్యాను ఇంజను ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

ఈసారి బొమ్మలో నల్ల గుంత లేదు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ చూపించి చెప్పింది. ఎముక పలచబడింది గానీ అంచు నున్నగా ఉంది, కొరికినట్టు లేదు. మెదడు పక్కకు జరిగింది గానీ చెడలేదు. గడ్డ అంతా ఒకే తీరుగా, దాన్లో పెద్ద పెద్ద రక్తనాళాలు, చేతి నరంలో ఎక్కించిన మందు వాటి నిండా పారింది. రక్తపరీక్షలో రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గలేదు, కొన్ని చెడ్డ గడ్డలైతే అవి తగ్గిపోతాయట. బొమ్మల్ని బెంగుళూరులో ఇవే చూసే పెద్ద డాక్టరుకు పంపితే ఆయనా అదే మాటన్నాడట.

"పుట్టుకతో వచ్చిన రక్తనాళాల గడ్డ" అంది. "నూటికి నూరు అని నేను చెప్పను. దీన్ని కొయ్యకుండా, కళ్ళు ఆర్పకుండా చూస్తా ఉండల్ల. ఈ జాతిలో కొన్ని వాటికవే కరుగుతాయి. కరిగితే పేరు ఖాయం. పెరిగితే మందు ఉండాది. కత్తి మాట మాత్రం ఈరోజు లేదు."

మా అమ్మాయి ఆ పేరును ఇంకోసారి చెప్పమంది. మూడోసారి తనే చెప్పింది. వియ్యంకుడు కూడా గొణుక్కుంటూ పలికాడు, కొత్త జాతి గొర్రె పేరు నేర్చుకుంటున్నట్టు.

ఆ తర్వాత వారం వారం కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికి బస్సులో తిరిగాం. మాడు మీద స్కాను పెట్టి డాక్టరమ్మ లోపలి గడ్డను కొలిచేది. మొదట్లో కొలత కదలలేదు. మా అమ్మాయి బిడ్డను ఎత్తుకోవడానికి కూడా భయపడిన వారాలు ఉన్నాయి. నేను ఇంట్లో జోకులు వేయడం మానేసిన వారాలు కూడా ఉన్నాయి, అవి ఎన్నో చెప్పను. తర్వాత నేరేడు రంగు పలచబడింది. బిగుతుగా ఉన్న చర్మం మీద ముడతలు పడ్డాయి. బిడ్డకు ఏడో నెల వచ్చాక ఒక వారం డాక్టరమ్మ టేపు రెండుసార్లు పెట్టి, మళ్ళీ స్కాను పెట్టి, తగ్గింది అని ఒక్క ముక్క చెప్పింది. పేరు ఖాయమైంది. గడ్డ పూర్తిగా పోలేదు, ఇంకా ఉంది. నా లెక్కలో గుమ్మడికాయంత, ఆమె లెక్కలో రేగుపండంత.

ఆ రోజు తిరుగు బస్సులో మా అమ్మాయి పక్కన ఒకామె కూర్చుంది. ఉల్లిపాయల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, బిడ్డ కుల్లాయి కింద ఎత్తుగా కనపడేదాన్నే చూస్తూ ఉంది. కాసేపు ఓర్చుకుని అడిగేసింది. ఏమ్మా అది, గ్రహణమా, తల్లి ఏమన్నా తినిందా, మా ఊళ్ళో వాతలు పెట్టేవాడు ఉండాడు. ముందు సీట్లోవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. అలాంటప్పుడు మా అమ్మాయి ఇన్నాళ్ళూ కుల్లాయిని ఇంకా కిందికి లాగేది. ఆ రోజు దాన్ని తీసేసింది. బిడ్డను కూర్చోబెట్టి, గడ్డ ఉన్న పక్కను ఆమెకు ఎదురుగా తిప్పింది.

"గ్రహణం కాదక్కా. పుట్టుకతో వచ్చిన రక్తనాళాల గడ్డ. లోపల మెదడు దాకా ఉండాది, ఇప్పుడు కరుగుతాండాది. డాక్టరు కనిపెట్టింది. చూడల్లంటే బాగా చూడు."

ఆమె చూసింది. బస్సంతా చూసింది. కండక్టరు టిక్కెట్లు ఆపేసి చూశాడు. బిడ్డ మాత్రం ఎవరినీ చూడకుండా, ఉల్లిపాయల సంచి మీదికి వంగి దాని తాడు పట్టుకుని లాగుతోంది.